కడ్డీల స్థానమున కేబులు

సముద్రపుటొడ్డున ఇనుముతో సహవాసము చేయువానికి రెండు సంగతులు త్వరలోనే తెలియును: ఉప్పుగాలికి దయ లేదనుట యొకటి; కదలక నిలిచిన కీలు, కదలుచుండు కీలుకంటె ముందు చెడుననుట రెండవది. కండలేరు కడలిం గలియు కృష్ణపట్నమున, 2008లో ఆధునికమైన రేవు తెరువబడిన పిమ్మట బొగ్గు నౌకలతోను, క్రేనులతోను, తెరపిలేని లారీల వరుసలతోను నిండిన యీ తీరమున, ఒక పాత స్పోర్ట్సు కారును నడుచు స్థితిలో నిలుపుకొనుట యెంతటి శ్రద్ధను కోరునో ముత్తుకూరు బాటలోని షెడ్డులలో పనిచేయు మేస్త్రీలు చక్కగా నెరుగుదురు. ఉప్పు కీలును తినుచుండగా బొగ్గుధూళి గ్రీజులో కలిసి దానిని లోలోపల నరగదీయుచుండును.

ఈ కార్లకును మన ప్రాంతమునకును సంబంధమేమి యని యడుగువారు నెల్లూరినుండి మద్రాసు పోవు రాజమార్గమును జ్ఞప్తికి తెచ్చుకొందురు గాక. ఆ దారిలోని షోలవరమున, రెండవ ప్రపంచయుద్ధకాలపు విమానముల బాటమీద, మద్రాసు మోటారు స్పోర్ట్సు క్లబ్బువారు దశాబ్దములపాటు పందెములు నడిపిరి. ఆ మద్రాసులోనే స్టాండర్డు కంపెనీవారు 1961 మొదలుకొని హెరాల్డు కారును తయారుచేసిరి. ఆ హెరాల్డు చట్రమునే కొంత కురుచచేసి, దానిమీద ఇద్దరు మాత్రమే కూర్చుండదగిన తొట్టిని బిగించి, 1962లో ఇంగ్లండున ట్రయంఫువారు స్పిట్‌ఫైరను స్పోర్ట్సు కారును వెలయించిరి. రెంటికిని రూపకల్పన చేసినవాడు ఇటలీ దేశస్థుడైన జొవాన్నీ మికెలోత్తి. కావున హెరాల్డు విప్పి బిగించిన చేతులకు స్పిట్‌ఫైరు పరాయిది కాదు. నా మిత్రుడొకడు తెచ్చుకొన్న స్పిట్‌ఫైరును ఇక్కడి మేస్త్రి యొకడు బెదురులేక తాకుటకును ఆ చుట్టరికమే కారణము.

తొలినాళ్ళ స్పిట్‌ఫైరులో యాక్సిలరేటరు పెడలునుండి కార్బురేటరు వరకు నడుచునది కడ్డీల సంసారము. మనము కూర్చుండు చోటికిని ఇంజనుకును నడుమనున్న రేకుగోడకు ఒక అడ్డకడ్డీ బిగింపబడియుండును. పాదము పెడలును నొక్కగా నా కడ్డీ తిరుగును. దాని కొననున్న చేయి మఱియొక సన్నని కడ్డీని త్రోయును. అది కార్బురేటరు ఇరుసును త్రిప్పగా లోపలి రేకు తెరచుకొని గాలి చొరబడును. క్రొత్తదనమున నిది మనోహరమైన యేర్పాటు. పాదపు కదలిక యెంతయో ఇంజను జవాబంతయే. నడుమ సాగునది లేదు, తెగునది లేదు. వంగిన కడ్డీని ఏ కమ్మరియైనను సరిచేయగలడు. కాని ప్రతి కీలునందును అర మిల్లీమీటరు వదులు పుట్టినదనుకొందము. అట్టి కీళ్ళయిదున్నచో ఇంచుమించు రెండున్నర మిల్లీమీటర్లు పాదము వృథాగా నొక్కవలసివచ్చును. పిమ్మట ఇంజను ఒక్కుమ్మడిగా మేల్కొనును.

అంతకంటె లోతైన లోపమొకటి కలదు. పెడలును, అడ్డకడ్డీయును బండి దేహమునకు చెందినవి. కార్బురేటరు ఇంజనుకు చెందినది. ఇంజనేమో రబ్బరు దిమ్మెలమీద కూర్చుండి, బలము పుట్టినప్పుడెల్ల ఒక ప్రక్కకు ఒరుగును. ఒరిగినపుడు నడుమనున్న బిఱుసు కడ్డీ, పాదము కదలకున్నను, కార్బురేటరును కొంత తెరచును లేక మూయును. అందుచే బలము మారును. బలము మారినందున ఇంజను మరల ఊగును. ఆ ఊపు మరల కడ్డీని కదలించును. రేవు గేటువద్ద లారీల వెనుక మొదటి గేరులో ప్రాకునపుడు ఈ కారు ఎగిరెగిరి పడుట చూచి మేస్త్రి, “అన్నా, నీ కాలు కాదు తొక్కేది, ఇంజనే తొక్కుకుంటా ఉంది” అనెను. ఇంతకంటె చక్కగా నా లోపమును ఏ యింజనీరును చెప్పలేడని నా నమ్మకము.

ఈ చిక్కును విడదీసినది 1896లో బౌడెన్ అనునతడు పేటెంటు పొందిన కేబులు. మన సైకిలు బ్రేకులందును, ఆటోరిక్షాలందును నిత్యము చూచునదే. లోపలి తీగ ఎంత బలముతో లాగబడునో, పైనున్న గొట్టము అంత బలముతోనే నొక్కబడును. గొట్టము ఒక కొన రేకుగోడవద్దను, రెండవ కొన కార్బురేటరు ప్రక్కను బంధింపబడియుండుటచే, ఇంజను ఎటు ఒరిగినను గొట్టమే వంగి సర్దుకొనును గాని తీగ లాగబడదు. దేహము దేహముగా, ఇంజను ఇంజనుగా నుండి, నడుమ పాదపు ఆజ్ఞ మాత్రము చేరును. తరువాతి స్పిట్‌ఫైరులకు కంపెనీవారే కేబులు పెట్టిరి. కావున ఈ మార్పు కులాచారమునకు విరుద్ధమను వాదము నిలువదు.

అయినను పని తేలిక కాదు. కేబులు ఎద్దు ముకుత్రాడువంటిది, లాగగలదేగాని త్రోయలేదు, మూయుపని స్ప్రింగుదే. ఆ స్ప్రింగు పెడలువద్ద మాత్రమే యున్నచో, తీగ తెగిననాడు కార్బురేటరు తెరచియే యుండిపోవచ్చును. కావున కార్బురేటరు ఇరుసునందే యుండవలెను, అదియును రెండుండవలెను. తీగ చుట్టుకొను అరచక్రపు కొలత మఱియొక ముఖ్యాంశము. పెడలు కొనవద్ద తీగ 40 మిల్లీమీటర్లు జరుగుచు, ఇరుసు 80 డిగ్రీలు తిరుగవలెనన్నచో, అరచక్రపు వ్యాసార్ధము 28, 29 మిల్లీమీటర్ల నడుమ నుండవలెను. అంతకు చిన్నదైనచో పాదము ఇంకను క్రిందికి పోవుచుండగా ఇరుసు అవధికి చేరి, ఆపై త్రొక్కుడంతయు తీగను తెంపుటకే వినియోగపడును. పెద్దదైనచో పూర్ణబలము ఎన్నడును రాదు. పెడలు క్రింద నొక ఆపుదిమ్మె ఉండుట ఏ కొలతకైనను క్షేమము.

మన తీరమున తీగ తుప్పుపట్టని ఉక్కుదై యుండవలెను. గొట్టములోపల టెఫ్లాను పూతయుండి, కొనలకు రబ్బరు తొడుగులుండవలెను. పూత గల గొట్టములో గ్రీజు దట్టించుట మేలు కాదు. ధూళి దానికే అంటుకొనును. తుప్పు పట్టిన తీగ తెగుటకంటె, తెరచిన స్థితిలో బిగిసిపోవుట భయంకరము. గొట్టమును సైలెన్సరు వేడికి దూరముగా, పెద్ద వంపులతో నడిపింపవలెను.

ఇక చాలమంది ఎరుగని అపాయము: ఇంజనునుండి చట్రమునకు పోవు ఎర్తు పట్టీ. ఉప్పుగాలికి ఆ పట్టీ చివరలు పచ్చబడి, తీగపోగులు పిండియై రాలును. అప్పుడు స్టార్టరు మోటారు కోరు వందలాది ఆంపియర్ల విద్యుత్తు తిరిగిపోవుటకు దారి వెదకికొనును. క్రొత్తగా అమర్చిన లోహపు కేబులు ఇంజనుకును దేహమునకును వంతెనయై యున్నందున దానిగుండనే ప్రవహించును. స్టార్టరు నొక్కగనే గొట్టమునుండి పొగ లేచును. లోపలి పూత కరగి తీగను పట్టుకొనును. మిత్రుని కారు పట్టీని మేస్త్రి వ్రేలితో తట్టగా సగము చేతిలోకి రాలినది. కేబులు బిగింపకముందే క్రొత్త పట్టీ వేసి, చట్రమునందు బోల్టు కూర్చుండు చోటును తళతళలాడువరకు గీకించెను.

కడ్డీలను మెచ్చువారిపై నాకు గౌరవము కలదు. ప్రదర్శనశాలలో నిలుచు కారునకు కడ్డీలే యుండనిండు. కృష్ణపట్నపు బాటలమీద నడుచు కారునకు మాత్రము కేబులే తగినదని నా నిశ్చయము. అయితే రేకుగోడకు క్రొత్త రంధ్రము చేయక, ఉన్న రంధ్రములతోనే అమర్పించుకొనుడు. విప్పిన అడ్డకడ్డీని, కీళ్ళను, బుష్షులను పాత ఇనుమువానికి వేయక, గ్రీజు పూసి, గుడ్డలో చుట్టి, పేరు వ్రాసిన చీటీ కట్టి దాచి, కారు చేతులు మారునాడు తాళముతోపాటు వానినిగూడ అప్పగింపుడని పాఠకులలో ఇట్టి వాహనము గలవారికి నా మనవి.