రంగంలో లెక్కలు

మా కాకినాడ వైపు పెద్దవాళ్ళు రంగూన్‌ని రంగం అనే అనేవారు. కోరంగి రేవు నుంచి, కాకినాడ నుంచి, విశాఖ నుంచి ఓడెక్కి రంగం పోయిన వాళ్ళ కథలు వింటూ పెరిగాను. తీరా నేనూ వచ్చి పడ్డాను, కాకపోతే విమానంలో. ఇప్పుడు ఊరి పేరు యాంగోన్. నా పని లెక్కలు చూడడం.

ఈ మధ్య ఇంటి నుంచి ఎవరు ఫోన్ చేసినా ఒకటే ప్రశ్న. "ఏఐ వచ్చేసిందిగా, ఇంక మీ అకౌంటెంట్ల పని అయిపోయినట్టేనా?" మొన్న మా మేనమామ అయితే మరీ సూటిగా, "నీ తర్వాత ఇంకెవరూ ఈ చదువు చదవక్కర్లేదేమో రా" అన్నాడు. ఈ భయం కొత్తదేం కాదు. 2013లోనే ఆక్స్‌ఫర్డ్‌లో ఫ్రే, ఆస్బోర్న్ అనే ఇద్దరు ఏ ఉద్యోగం యంత్రాల పాలయ్యే అవకాశం ఎంత అని లెక్కగట్టారు. అకౌంటెంట్లకీ ఆడిటర్లకీ నూటికి 94 వేశారు. ఆ తర్వాత కూడా మేం శుభ్రంగా మార్చి నెలాఖరుల్లో రాత్రిళ్ళు మేల్కొంటూనే ఉన్నాం.

కానీ యాంగోన్‌లో జరుగుతున్నది వేరు. ఇక్కడ ఏఐ వచ్చి ఎవరినీ కుర్చీలోంచి లేపలేదు. కుర్చీలు అప్పటికే ఖాళీగా ఉన్నాయి. 2021 ఫిబ్రవరిలో సైన్యం అధికారం తీసుకున్నాక కొందరు, 2024 ఫిబ్రవరిలో నిర్బంధ సైనిక సేవ చట్టాన్ని అమల్లోకి తెచ్చాక మరికొందరు వెళ్ళిపోయారు. ఈ ఊళ్ళో లెక్కల చదువంటే పాస్‌పోర్టు లాంటిది. ఎల్‌సీసీఐ పరీక్షలు రాసి, వీలైతే ఏసీసీఏ కట్టి, సింగపూర్‌కో బ్యాంకాక్‌కో పోవాలని చూసే పిల్లలు కొల్లలు. అందులో ఆడపిల్లలే ఎక్కువ. మా ఆఫీసులో వోచర్లు చూసే బల్ల దగ్గర ఒకప్పుడు ఎనిమిది మంది కూర్చునేవారు. ఇప్పుడు ఇద్దరు. మిగతా ఆరుగురి పనీ ఒక సాఫ్ట్‌వేర్ చేస్తోంది, కరెంటు ఉన్నంతసేపూ.

ఆ పని ఎంత గొప్పగా చేస్తోందో కూడా చెప్పాలి. మేం పదివేల బిల్లుల్లో రెండొందలు తీసి చూసి, మిగతావాటి గురించి దేవుడి మీద భారం వేసేవాళ్ళం. అది పదివేలూ చూస్తుంది. ఒకే బిల్లుకి రెండుసార్లు డబ్బు పోతే పట్టేస్తుంది. ఒక దుకాణం నుంచి ఏప్రిల్‌లో 101, మే నెలలో 102, జూన్‌లో 103 నంబరు బిల్లులొస్తే, ఆ దుకాణానికి మనం తప్ప వేరే ఖాతాదారే లేడని అర్థం. నాకు ఈ కిటుకు మా కాకినాడ ప్రిన్సిపాల్ గారు రెండో ఏడాదిలో చెప్పారు. అది ఎవరూ చెప్పకుండానే పట్టేసింది. ముచ్చటేసింది, కొంచెం ఉడుక్కున్నాను కూడా.

తడబడేది బర్మీస్ దగ్గర. బర్మా అంకెల్లో సున్నా, 'వ' అక్షరం చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి. మన సున్నా, అంకె సున్నా లాగే అనుకోండి. ఏడు అంకెకీ 'ర' అక్షరానికీ అదే పోలిక. బజారులో చేత్తో రాసిచ్చే బిల్లు మీద అది ఏడో, అక్షరమో మనిషికైతే సందర్భాన్ని బట్టి తెలుస్తుంది. పైగా పాత ఫైళ్ళు చాలావరకు జోజీ ఫాంటులో ఉన్నాయి. దేశం యూనికోడ్‌కి మారింది 2019 అక్టోబరు 1న. మన అను ఫాంట్ల గోల పడినవాళ్ళకి ఇంతకన్నా చెప్పక్కర్లేదు. ఇంక పేర్లు. ఇంటిపేరుతో మొదలుపెట్టే మనకి ఇది వింతే, వీళ్ళకి ఇంటిపేర్లే లేవు. ఒకే జీతాల పట్టీలో ఒకే పేరున్నవాళ్ళు ముగ్గురుంటే, గుర్తింపు కార్డు నంబరూ తండ్రి పేరూ చూసి వేరు చేయాలి. ఇవన్నీ రేపో మాపో అది నేర్చుకుంటుంది. నాకు ఆ విషయంలో బెంగలేదు.

బెంగ వేరే చోట ఉంది. ఈ దేశంలో డాలరుకి ఒక రేటు లేదు. 2012 ఏప్రిల్ 1కి ముందు ప్రభుత్వం లెక్కలో డాలరు 6 చాట్‌లు, బజారులో 800. ఆ రోజు నుంచి రేటుని వదిలేశారు, కొన్నేళ్ళు హాయిగా నడిచింది. 2022 ఆగస్టులో మళ్ళీ 2,100 అని కట్టేశారు, బజారులో అది 4,000 దాటిపోయింది. లెక్కల సంవత్సరం కూడా పదేళ్ళలోపే ఏప్రిల్ నుంచి అక్టోబరుకి, మళ్ళీ ఏప్రిల్‌కి మారింది. ఇలాంటి చోట కాగితం మీద అంకె నిజమా అన్నది ఎప్పుడూ రెండో ప్రశ్నే. ఎవరి లెక్కలో నిజం, అన్నది మొదటిది.

ఒక దిగుమతి వ్యాపారి పుస్తకాల్లో సరుకు మొత్తం 2,100 రేటుకే రాసి ఉంది. సాఫ్ట్‌వేర్ అన్నీ సరిపోల్చి పచ్చ గుర్తు పెట్టేసింది. రవాణా ఖర్చు పెరిగింది, కానీ పెట్రోలు కూడా పెరిగింది కాబట్టి తేడా సమంజసమే అని నోటు కూడా రాసింది, చక్కటి ఇంగ్లీషులో. మా ఇద్దరిలో చిన్నమ్మాయి దాన్ని పట్టుకుని నా దగ్గరికొచ్చింది. "సయా, డాలరు ఎగిరిన నెలల్లోనే లారీ కిరాయి కూడా ఎగురుతోంది. లారీ ఊళ్ళోనే తిరుగుతోంది కదా?" అంది. సయా అంటే మాస్టారు. అసలు డాలర్లు కొన్న రేటుకీ రాసిన రేటుకీ మధ్య తేడా ఆ లారీల్లో తిరుగుతోందని తేలడానికి వారం పట్టింది.

ఆ అమ్మాయికి ఆ అనుమానం ఎక్కడి నుంచి వచ్చింది? మూడేళ్ళ పాటు లారీ కిరాయి బిల్లులు ఒక్కొక్కటీ చేత్తో తిప్పింది. విసుగొచ్చి, నిద్రొచ్చి, అయినా తిప్పింది. ఒక ట్రిప్పుకి ఎంతవుతుందో ఆమె వేళ్ళకి తెలుసు. సాఫ్ట్‌వేర్ ముందు ఎత్తుకుపోయింది సరిగ్గా ఆ విసుగు పనినే. ఈ ఏడాది చేరే అమ్మాయి నేరుగా పచ్చ గుర్తులు చూడడంతో మొదలుపెడుతుంది. ఐదేళ్ళ తర్వాత ఆడిట్ రిపోర్టు మీద సంతకం పెట్టాల్సింది ఆమే.

సంతకం అంటే నాకు మనవాళ్ళ పాత లెక్కే తలపుకొస్తుంది. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ జనంలో సగానికి పైగా భారతీయులే. రేవులో మూటలు మోసిన వాళ్ళలో తెలుగువాళ్ళది పెద్ద వాటా. వాళ్ళని తెచ్చింది మేస్త్రీలు. ఓడ కిరాయి అప్పుగా ఇచ్చి, కాగితం మీద వేలిముద్ర వేయించుకునేవారు. కూలి డబ్బు మేస్త్రీ చేతి మీదుగానే వచ్చేది, అప్పు ఎంత తీరిందో మేస్త్రీ పుస్తకంలోనే ఉండేది. ఆండ్రూ అనే అధికారి 1933లో ఇక్కడి భారతీయ కూలీల మీద రాసిన పుస్తకంలో ఈ మేస్త్రీల పద్ధతంతా ఉంది. లెక్క తప్పో ఒప్పో వేలిముద్ర వేసినవాడికి తెలిసే దారి లేదు, ఎందుకంటే చదవడం రాదు. మా వాళ్ళకి చదవడం వచ్చు. చదవాల్సిన అవసరమే లేకుండా చేస్తున్నాం, అంతే తేడా.

అందుకని వారానికోసారి, సాఫ్ట్‌వేర్ ముగించేసిన వోచర్లలో ఒక కట్ట తీసి చిన్నమ్మాయికి ఇస్తున్నాను. కొత్తగా ఎవరైనా చేరితే వాళ్ళకీ ఇద్దామని. "అయిపోయిన పని మళ్ళీ ఎందుకు సయా?" అని గొణుగుతుంది. యజమానుల లెక్కలో ఇది శుద్ధ దండగ. గంటకింత అని బిల్లు వేసే వృత్తిలో ఈ గంటలు ఎవరికి బిల్లు వేయాలి? ప్రస్తుతానికి కరెంటు పోయిన వేళల్లో చేయిస్తున్నాను, అప్పుడెవరూ అడగరు. కిటికీ పక్కకి బల్ల లాక్కుని, ఆకుపచ్చ పెన్నుతో టిక్కులు పెట్టుకుంటూ పోతుంది.

ఆమెకి బ్యాంకాక్‌లో ఒక ఇంటర్వ్యూ అయింది. ఏయే ఏఐ టూల్స్ వాడారని అడిగారట, లారీల సంగతి అడగలేదట. వచ్చే నెలలో ప్రయాణం. కొత్తగా ఎవరూ ఇంకా చేరలేదు, ఈ వారం కట్ట నా బల్ల మీదే ఉంది.