ఫ్లాష్ వద్దన్నది నేనే!

మీ ఇంట్లో బారసాలకి ఫోటోలు తీసేటప్పుడు "బాబూ, పసిబిడ్డ కళ్లమీద ఫ్లాష్ కొట్టకు" అని అరిచే మనిషి ఒకరు తప్పకుండా ఉంటారు కదూ? మా ఇంట్లో ఆ మనిషిని నేనే. తణుకులో మా వీధిలో ఎవరింట్లో ఉయ్యాల కట్టినా, బూరెలు వండటానికి ఎంత ముందు వెళ్లేదాన్నో ఫోటోగ్రాఫర్‌ని అదిలించడానికీ అంత ముందే వెళ్లేదాన్ని. ఆ నోరు నాకు ఏం తెచ్చిపెట్టిందో మీకు చెప్పుకోవాలనే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ఈ పట్టింపు నాకు మా అత్తగారి దగ్గర్నుంచి వచ్చింది. 2000లో మా పెద్దాడు పుట్టినప్పుడు ఆవిడ ఫోటోగ్రాఫర్‌ని గుమ్మంలోనే ఆపేశారు. "పచ్చి కళ్లయ్యా, మెరుపు పడితే చూపు మందగిస్తుంది" అన్నారు. వానాకాలం, పైగా ముసురు. ఫ్లాష్ లేకుండా తీసిన ఆ రీలు కడిగించి తెస్తే, ఆల్బంలో మావాడేదో పక్కన దిండేదో పోల్చుకోవడం కష్టం! అప్పుడు నవ్వుకున్నాను. ఆవిడ పోయాక ఆ పెద్దరికం నాకొచ్చింది, దాంతోపాటు ఆ మాటా వచ్చింది. ఇంటర్ బైపీసీ చదివినదాన్ని. కంటి బొమ్మ గీసి, భాగాలు గుర్తించి మార్కులు తెచ్చుకున్నదాన్ని. అయినా ఈ మాట నిజమా కాదా అని ఒక్కసారీ ఆలోచించలేదు.

2021లో మా తోటికోడలి కూతురు పుట్టింటికి పురిటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. బంగారుబొమ్మే అనుకోండి. కరోనా రోజులు కాబట్టి బారసాలకి ఇంటివాళ్లమే. ఫోటోలన్నీ ఫోన్లలోనే. "ఫ్లాష్ ఆపి తీయండర్రా" అని నేను అందరి ఫోన్లూ చూసి మరీ ఆపించాను. అయిదో నెలలో అన్నప్రాసన పెట్టుకున్నారు. పుస్తకం, కలం, బంగారం అన్నీ ముందు పెడితే పిల్ల పాకినట్టే పాకి కలం పట్టుకుంది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. మా బావగారి మేనల్లుడు ఆ చీకట్లోనే ఫ్లాష్ వేసి టక్కున ఫోటో తీసేశాడు.

ఆ ఫోటోలో పిల్ల కుడికన్ను ఎండుమిరపకాయలా ఎర్రగా ఉంది. ఎడమకన్ను మాత్రం నల్లగుడ్డు మధ్యలో పెరుగు చుక్క పెట్టినట్టు తెల్లగా మెరిసింది. "పిల్లికన్ను పిల్ల!" అని అందరూ నవ్వారు. పిల్ల తల్లి నవ్వలేదు. "పిన్నీ, ఒక కన్నే ఇలా ఎందుకుంది?" అని నన్నడిగింది. నేనేమన్నానో తెలుసా? "చూశావా, ఫ్లాష్ కొడితే ఇలాగే ఉంటుంది. చెప్తే వినరు" అని కుర్రాణ్ణి చీవాట్లు పెట్టి, ఆ ఫోటో చెరిపించేశాను.

రెండు వారాల తర్వాత ఓ రాత్రి ఆ అమ్మాయి ఫోన్ పట్టుకుని మా ఇంటికొచ్చింది. నాకు చెప్పకుండా, గదిలో లైటు తగ్గించి, పిల్లని ఎదురుగా చూసేలా పట్టుకుని మళ్లీ ఫ్లాష్‌తో మూడు ఫోటోలు తీసిందట. మూడింట్లోనూ అదే కన్ను తెలుపు. చూడగానే నాకు కాళ్లలో సత్తువ పోయింది.

మర్నాడు ఊళ్లో కంటి డాక్టరుకి చూపిస్తే, ఆలస్యం చేయకుండా పెద్ద ఆసుపత్రికి వెళ్లమన్నారు. అక్కడ పిల్ల కంట్లో చుక్కలు వేసి, పాప పెద్దదయ్యాక డాక్టరుగారు తలకి లైటు కట్టుకుని, చేత్తో అద్దం పట్టుకుని లోపల చూశారు. కంటి వెనక తెరమీద గడ్డ ఉందన్నారు. దాని పేరు రెటినోబ్లాస్టోమా. పసిపిల్లల కంటికి వచ్చే క్యాన్సరండీ. సుమారు 15 నుంచి 20 వేల కాన్పుల్లో ఒక బిడ్డకి వస్తుందట. ఎక్కువగా అయిదేళ్లలోపే బయటపడుతుంది.

నేను ఏడుస్తూ "ఆ ఫ్లాష్ వల్లేనాండీ?" అని అడిగాను. ఆయన విసుక్కోలేదు. "ఇందాక నేను పాప కంట్లోకి ఎంత వెలుగు ఎంతసేపు వేశానో చూశారు కదమ్మా? దానికే ఏం కానిది ఫ్లాష్‌కి ఏమవుతుంది? ఫ్లాష్ మీకు ఉన్నది చూపించింది. అంతకుముందు తీసిన ఫ్లాష్ ఫోటోలుంటే ఇవ్వండి, ఎప్పటినుంచి ఉందో తెలుస్తుంది" అన్నారు.

మా దగ్గర ఒక్కటీ లేదు. ఎందుకు లేదో ఆయనకి తెలియదు. మా ఇంట్లో అందరికీ తెలుసు. ఒక్కరూ నన్ను ఒక్క మాట అనలేదు. అది ఇంకా కష్టం!

ఆ తర్వాత నేను అడిగి, చదివి తెలుసుకున్నవి మీకూ చెబుతాను. కెమెరా ఫ్లాష్ వెలిగేది సుమారు సెకనులో వెయ్యో వంతు. ఫోన్‌లో ఉండే దీపం అంతకంటే కాస్త ఎక్కువసేపు వెలిగినా దాని వెలుగు తక్కువ. పిల్లలు ఉలిక్కిపడొచ్చు, కళ్లు చికిలించొచ్చు. మనకిలాగే కాసేపు కళ్లముందు మచ్చలా కనబడి పోతుంది. అంతేగానీ చూపు పోదు. 2015లో చైనాలో ఓ మూడు నెలల బాబుకి దగ్గర్నుంచి ఫ్లాష్ ఫోటో తీస్తే కన్ను పోయిందని ఒక వార్త ప్రపంచమంతా తిరిగింది. అది జరిగే పని కాదని కంటి డాక్టర్లు అప్పుడే చెప్పారు. కానీ భయం పరిగెత్తినంత వేగంగా జవాబు పరిగెత్తదు కదా! అయినా బిడ్డ ముఖానికి ఆనించినట్టు పెట్టి టపటపా కొట్టమని కాదు నేననేది. కాస్త ఎడంగా ఉండి తీయమని.

మరి కన్ను ఎర్రగా ఎందుకు పడుతుందంటే, ఫ్లాష్ వెలుగు కంటిపాపలోంచి లోపలికి వెళ్లి, వెనక నెత్తురు నిండిన పొరమీద పడి తిరిగొస్తుంది. అందుకే ఆ ఎరుపు. ఆ దారిలో గడ్డగానీ శుక్లంగానీ అడ్డుంటే ఎరుపు రాదు. తెల్లగానో పసుపుగానో మెరుస్తుంది, ఒక్కోసారి నల్లగా ఉండిపోతుంది.

తెల్లగా పడిన ప్రతిదీ క్యాన్సర్ అనుకుని గుండెలు బాదుకోకండి. బిడ్డ పక్కకి చూస్తున్నప్పుడు తీస్తే, కంటి నరం మొదలయ్యే చోటుమీద వెలుగు పడి ఆరోగ్యమైన కన్ను కూడా తెల్లగా కనబడుతుంది. పుట్టుకతో వచ్చిన శుక్లం, మెల్లకన్ను, ఎక్కువ పవరు ఉన్నా తేడా వస్తుంది. అవి కూడా వదిలేయాల్సినవి కావు. కాబట్టి బిడ్డ కెమెరాకేసి సూటిగా చూస్తున్నప్పుడు రెండు మూడు ఫోటోలు తీసి చూడండి. కళ్ల ఎరుపు పోగొట్టే ఏర్పాటు ఫోన్‌లో ఉంటే దాన్ని ఆపండి. అదే కన్ను మళ్లీ మళ్లీ తేడాగా పడితే, ఫోటోలు చెరపకుండా పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. రెండు కళ్లూ ఎర్రగా పడ్డాయి కదా అని డాక్టరు పరీక్ష మానేయనూ వద్దు. నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టిన బిడ్డలకైతే నెల తిరక్కుండానే కంటి తెర పరీక్ష చేయించాలట.

అమెరికాలో బేలర్ యూనివర్సిటీ కెమిస్ట్రీ ప్రొఫెసర్ బ్రయాన్ షా గారి బాబుకీ ఈ జబ్బే వచ్చింది. ఫోటోల్లో తెలుపు ముందు గమనించింది తల్లే. తర్వాత ఆయన ఇంట్లో ఉన్న వేల ఫోటోలు వెతికితే, బాబుకి 12 రోజుల వయసున్నప్పుడు తీసిన దాంట్లోనే ఆ మెరుపు కనబడింది! ఆ బాధలోంచే ఫోటోల్లో తెల్లకన్నుని పట్టే ఫోన్ యాప్ ఒకటి తయారుచేయించారు. ఇది చదివినప్పుడు మా బారసాల గుర్తొచ్చి ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

మనకి దగ్గర్లో ఇంకో ముచ్చట ఉంది. 'మిస్సమ్మ' సినిమా తీసిన ఎల్వీ ప్రసాద్ గారు ఏలూరు పక్కన సోమవరప్పాడులో పుట్టినవారు. జీవితమంతా కెమెరా ముందూ వెనకా, ఆ పెద్ద పెద్ద లైట్ల మధ్యే గడిపారు. 1987లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు హైదరాబాదులో మొదలుపెట్టిన కంటి ఆసుపత్రికి స్థలమూ ధనమూ ఇచ్చి ఆదుకున్నారు. ఆయన పేరుమీదే నడుస్తున్న ఆ సంస్థకి ఇప్పుడు విజయవాడ దగ్గర తాడిగడపలో కూడా ఆసుపత్రి ఉంది.

ఇంకొకటి. ఫ్లాష్‌కి భయపడే మనం చేసే పనులు చూడండి! బిడ్డ ముఖానికి దగ్గరగా కర్పూర హారతి తిప్పుతాం. కళ్లల్లో కాటుక దిద్దుతాం, పుసులు కడితే ఆముదం చుక్క వేస్తాం. తిరనాళ్లలో లేజర్ లైటు బొమ్మ కొనిచ్చి ఆడుకోమంటాం. డాక్టర్లు వద్దనేది వీటిని. లేజర్ కిరణం సూటిగా కంట్లో పడితే కంటి తెర నిజంగానే కాలుతుంది.

మా పాపకి ఆరు విడతలు మందెక్కించారు. మధ్యలో మత్తిచ్చి లేజర్ చికిత్స చేశారు. చికిత్సలో కంటికి మేలు చేసేదీ లేజరే, ఆటబొమ్మలో చెడు చేసేదీ లేజరే! మందు పడినప్పుడల్లా పిల్ల జుట్టు రాలిపోతుంటే, మా తోటికోడలు ఆ వెంట్రుకలు దిండుమీంచి ఏరి కొంగున మూటకట్టుకునేది. మొత్తానికి ప్రాణం దక్కింది, కన్నూ నిలిచింది. ఆ కంటికి చూపు మాత్రం బాగా తక్కువ. ఇప్పుడు నాలుగేళ్లు నిండాయి. పిలిస్తే తల ఎడమవైపుకి కాస్త ఎక్కువ తిప్పి చూస్తుంది. ఇప్పటికీ పరీక్షలకి తీసుకెళ్తూనే ఉంటారు.

బారసాలనాడే ఫ్లాష్‌తో తీసి ఉంటే ముందే కనిపెట్టేవాళ్లమా అని డాక్టరుగారిని అడిగాను. "అది ఎవరూ చెప్పలేరమ్మా. మీరు చెరిపిన రెండు వారాలు మాత్రం మళ్లీ ఎవరికీ చెరపనివ్వకండి" అన్నారు. ఆ మాట పట్టుకునే ఇదంతా రాశాను.

మొన్న మా వీధిలో బారసాలకి వెళ్లాను. ఫోటోగ్రాఫర్ అబ్బాయి నన్ను చూడగానే అలవాటుగా ఫ్లాష్ పీకేయబోయాడు. "ఉంచు నాయనా" అన్నాను. "పిల్లాడు నీకేసి చూసినప్పుడు రెండు తియ్యి. తీసి నాకు చూపించు."

రెండు కళ్లూ నిప్పుకణికల్లా ఎర్రగా పడ్డాయి. ఎర్రకళ్ల ఫోటో బాగోలేదని వాళ్లమ్మ మొహం చిన్నబుచ్చుకుంది. "పిచ్చిపిల్లా, నీకు రావాల్సిన ఫోటో అదే" అని బూరె ఒకటి నోట్లో పెట్టాను.

మీ ఇంట్లో పసిబిడ్డ ఉంటే, వంటయ్యాక ఓసారి ఫోన్ తీసి చూడరూ?