నీలి మచ్చలు

మా నాయన టాక్సీ నడుపుతాడు. విదురాశ్వత్థానికి నాగప్రతిష్ఠ చేయించేవాళ్లను తీసుకొస్తాడు. పోయిన ఏడాది క్లచ్ ప్లేటు ఒక్కటే మార్పించినాడు. ఆర్నెల్లకే బండి కదిలేటప్పుడు వణకడం మొదలైంది.

ఈసారి గౌరిబిదనూరులో మెకానిక్ అన్న గేర్‌బాక్సు దించి ఫ్లైవీల్ చూపించినాడు. దానిమీద నీలి మచ్చలు, వెంట్రుకంత సన్నని గీతలు.

"ఇది వేడికి అయింది. సాపు చేయకుండా కొత్త ప్లేటు వేస్తే అదీ పాడవుతుంది. చీలిక లోతుగా ఉంటే ఫ్లైవీలే మార్చాల" అన్నాడు.

"లేత్ ఖర్చు వద్దని పోయినసారి నేనే అన్నా" అని నాయన తల వంచుకున్నాడు. ఆ డబ్బు నా ట్యూషన్‌కు కట్టినాడని నాకు అప్పుడే తెలిసింది.

లేత్‌లో పలచగా గీకి, జిడ్డు లేకుండా తుడిచి, బోల్టులు ఎదురెదురుగా బిగించినారు. బండి వణకలేదు.

ఇప్పుడు క్లచ్ మీద ఊరికే కాలు పెడితే నేనే చెప్తాను: "కాలు తియ్యి నాయనా."