మూడో డైక్ దగ్గర కాగు

జనవరి పొద్దున, వర్జీనియాలోని లేక్ అన్నా. తెడ్డు మీద పడ్డ నీళ్ళు పడ్డట్టే గడ్డకడుతున్నాయి.

మూడో డైక్ (కట్ట) దగ్గరికి కయాక్ తిప్పానో లేదో, నీళ్ళ మీద పొగ!
చెయ్యి ముంచితే గోరువెచ్చన.

నార్త్ అన్నా అణువిద్యుత్ కేంద్రం 1978 నుంచీ నడుస్తోంది. కండెన్సర్లని చల్లార్చిన నీళ్ళు పక్క మడుగులన్నీ తిరిగొచ్చి ఇక్కడ పెద్ద చెరువులో కలుస్తాయి. (రియాక్టర్‌ని తాకిన నీళ్ళు కావు. అమ్మకి మూడుసార్లు చెప్పాను, నమ్మలేదు.)

వెచ్చదనం కోసం షాడ్ చేపపిల్లలు, వాటికోసం స్ట్రైపర్ చేపలు, వాటికోసం నేను.

ఒకటి పడింది, మూరెడు. కొక్కెం తీస్తుంటే దాని ఒళ్ళు నా చేతికంటే వెచ్చగా ఉంది!
వదిలేశా.

తర్వాత గాలం వెయ్యలేదు. చేతులు నీళ్ళలో పెట్టుకుని కూర్చున్నా, చిన్నప్పుడు పెరట్లో కాగు దగ్గర చేరినట్టు.

మీ ఇంట్లో కాగు ఎక్కడుండేది?