మిగిలిన పది నిమిషాలు

కందిలో మా ఇల్లు సడక్‌కు ఎంత దగ్గరంటే, బొంబాయి దిక్కు పోయే లారీ గేరు మార్చినప్పుడల్లా అరుగు మీది గూట్లో ఇత్తడి చెంబు సన్నగా మోగేది, అమ్మ చేస్తున్న పని ఆపి వచ్చి దాని మీద అరచెయ్యి పెట్టేది, మోత ఆగి ఆమె లోపలికి పోయేసరికి ఇంకో లారీ వచ్చేది. ఆ రోడ్డును అప్పుడు తొమ్మిదో నంబరు అనేవాళ్లు. ఇప్పుడది అరవై అయిదు. చెంబును ఇంకో గూట్లోకి మారిస్తే అయిపోయేది గదా అని ఇప్పుడు అనిపిస్తుంది గానీ, ఆ ఇంట్లో ఏ వస్తువూ జాగా మారేది కాదు.

నైట్ షిఫ్టు దిగిన చిన్నాయిన పొద్దున ఎర్రబస్సులో వచ్చేవాడు. మిషిన్ ఆయిలు, బీడీ, కిరోసిన్‌తో కడుక్కున్న చేతులు, ఈ మూడూ కలిసిన వాసన ఆయనతో పాటు గడప దాటేది, చిన్నమ్మ జొన్న రొట్టె కాలుస్తుంటే ఆ మాడు వాసనలో కలిసిపోయేది. పటాన్‌చెరులో ఒక షెడ్డులో ప్రెస్సు మిషిన్ల నడుమ ఏండ్ల తరబడి నిలబడ్డందుకు కుడి చెవి పోయింది. అందుకని రొట్టె తుంచక ముందే టేప్ రికార్డరును ఎడమ చెవి దిక్కు జరుపుకునేవాడు. దుబాయి పోయొచ్చిన దోస్తు దగ్గర కొన్న పానసోనిక్ అది. చిన్నమ్మ రైకగుడ్డతో దానికి తొడుగు కుట్టింది, మీటల దగ్గర మాత్రం గుడ్డ నల్లగా నూనె మరక.

అందులో ఎక్కువగా గద్దర్ పాటలే. ఆయన ఊరు తూప్రాన్ అప్పటి మా మెదక్ జిల్లాదే కాబట్టి చిన్నాయిన ఆయన్ని ఊరి మనిషి లెక్క మాట్లాడేవాడు, కెనరా బ్యాంకు నౌకరి 1984లో ఇడిసిపెట్టిన సంగతి పక్కింటి ముచ్చటలా చెప్పేవాడు. 1990 ఫిబ్రవరిలో, అజ్ఞాతం నుంచి బయటికొచ్చిన గద్దర్ నిజాం కాలేజీ గ్రౌండులో పాడినప్పుడు, షిఫ్టు ఎగ్గొట్టి దోస్తులతో లారీ ఎక్కి పోయిండు. మూడు రోజులు గొంతు రాలేదు. వచ్చినంక తనే పాటలు కట్టుడు షురూ చేసిండు: ఓవర్‌టైము మీద, మేస్త్రీ మీద, బస్సు మీద. వాకిట్లో, ఊరి పేరుకు తగ్గట్టు కందికట్టె మంట పెట్టి, దానికి డప్పు కాపి, నలుగురు షిఫ్టు దోస్తులు వంత పాడుతుంటే, ఒక రాత్రి టేప్ రికార్డరును గూట్లో చెంబు పక్కన పెట్టి రికార్డు చేసుకున్నడు. తొంభై నిమిషాల క్యాసెట్, ఒక పక్క పూర్తిగా తన గొంతే. ఎవరూ చెరపకుండా పైన ఉండే ప్లాస్టిక్ పలుకును స్క్రూ డ్రైవరుతో విరిచేసిండు.

1996 ఎండాకాలం సెలవులకు, వరంగల్ ఆర్‌ఇసిలో చదివే పెద్దమ్మ కొడుకు వచ్చిండు. అన్న సంచిలో ఒక టీడీకే క్యాసెట్, దాని మీద నీలం పెన్నుతో ‘ఫుగాజీ – రిపీటర్’. సీనియర్‌ది, సోమవారానికి వాపసు ఇయ్యాలి. సంగారెడ్డి రికార్డింగ్ షాపులో కాపీ చేయించుకోవాలి గానీ ఖాళీ క్యాసెట్‌కు పైసల్లేవు. నేను గూడు వెతికి ఒకటి తెచ్చిచ్చిన. దాని మీద పేరేమీ రాసి లేదు. షాపాయన తిప్పి చూసి, “తమ్మీ, పలుకు ఇరిగింది గద, రికార్డు కాదు” అన్నడు. జేబులో బస్సు టికెట్టు ఉంది. నాలుగు మడతలు పెట్టి ఆ తొర్రలో కుక్కింది నేనే. చాలా శుభ్రంగా మడిచిన, నా వేళ్లకు ఇప్పటికీ గుర్తుంది.

ఇంటికొచ్చి పెడితే మొదట ఏమీ లేదు. తర్వాత ఎక్కడో దూరాన గిటారు ఉబ్బుతూ వచ్చి, డ్రమ్ముల దరువు దాని మీద పడ్డది. అమ్మ లోపలి నుంచి “రీలు సిక్కు పడ్డదేమో సూడుండ్రి” అని అరిచింది. ఒకడు అరుస్తాడు, ఇంకొకడు ఆ అరుపును సగంలో అందుకుంటాడు, ఇద్దరూ నోరు మూస్తే బాసు గిటారు ఒక్కటే నడుస్తుంది.

ఫుగాజీ అనే ఆ బ్యాండు సంగతులు నాకు చాలా ఏండ్ల తర్వాత తెలిసినయి. వాషింగ్టన్ మనుషులు. గొంతులు ఇయాన్ మెకాయ్, గీ పిచోటోలవి. బాసు జో లాలీ, డ్రమ్ములు బ్రెండన్ కాంటీ. ఊపిరి తీసుకోకుండా అరిచి రెండు నిమిషాల్లో ముగించే హార్డ్‌కోర్ పాటకు నడకా, మౌనమూ నేర్పి, గిటారు చేసే చప్పుడునే పాటగా మలిచినవాళ్లు. అలాంటి సంగీతాన్ని పోస్ట్-హార్డ్‌కోర్ అంటారు. రిపీటర్ వాళ్ల మొదటి పూర్తి ఆల్బమ్, 11 పాటలు, 35 నిమిషాలు. మెకాయ్, అతని దోస్తు కలిసి 1980లో పెట్టుకున్న సొంత కంపెనీ డిస్కార్డే దాన్ని వేసింది. కచేరీ టికెట్టు 5 డాలర్లు దాటనీయకుండా చూసుకునేవాళ్లు, పేరేసిన అంగీలు అమ్మేవాళ్లు కాదు. ఆల్బమ్ వచ్చింది 1990 ఏప్రిల్‌లో. నిజాం కాలేజీ గ్రౌండు సభ అయిన రెండు నెలలకు. ఈ లెక్క చిన్నాయినకు చెప్పాలనుకున్న గానీ కుదరలేదు.

ఆ రోజు ఆయన వచ్చేసరికి టేపు నడుస్తూనే ఉంది. ఏ క్యాసెట్టో చూడలేదు. మెట్టు మీద కూచొని ఎడమ చెవి అటు పెట్టిండు. మేము ఆపబోతే చెయ్యి అడ్డం పెట్టిండు. “ఇది మా షెడ్డు లెక్కనే ఉందిరా. రెండు ప్రెస్సులు ఒకదానికొకటి జవాబిస్తున్నయ్. రెండోది జర లేటు కొడ్తంది సూడు, కావాల్నని.” అన్న నోరు తెరిచి చూసిండు. ఆయన రొట్టె మోకాలి మీదనే చల్లారింది. ఆఖరి పాట అయింది, సుయ్యిమని ఖాళీ టేపు నడిచింది, టక్కుమని ఒక చప్పుడు, ఆ వెంటనే ఒక మాటకు రెండో సగం నుంచి చిన్నాయిన గొంతు, డప్పు, నలుగురి వంత.

ఆయన క్యాసెట్ బయటికి తీసి, తొర్రలోంచి టికెట్టును గోరుతో పీకి, మడత విప్పి చూసిండు. నేను గోడ వైపు చూస్తున్న.

“పది నిమిషాలు మిగిలింది గదరా,” అన్నడు నవ్వి. “నేను ముందుగాల పాడింది మంచిగ లేకుండె తియ్.”

మళ్లీ పాడి రికార్డు చేద్దామని ఎన్నోసార్లు అనుకున్నారు. షిఫ్టులు కలవలేదు, తర్వాత దోస్తుల్లో ఒకాయన ఊరు వెళ్లిపోయిండు, తర్వాత దగ్గు.

రోడ్డు వెడల్పులో అరుగు పోయింది, దాంతో గూడూ పోయింది. 2008లో ఎద్దుమైలారంలో మొదలై ఆ తర్వాత మా కందికి మారిన ఐఐటీలో చదివే పిలగాడొకడు మా మీది అంతస్తులో కిరాయికి ఉండేవాడు. పాత క్యాసెట్‌ను కంప్యూటర్లోకి ఎక్కించి ఇస్తానన్నడు. ఫుగాజీ పేరు చూసి ఎగిరి గంతేసిండు, ఆ సంగతి వేరే. రెండు రోజులాగి మెట్ల మీద కలిసి, “అన్నా, పాటలు అయిపోయినంక ఎనుక ఏదో లొల్లి ఉంది, కట్ చెయ్యాల్నా?” అని అడిగిండు.

ఉంచమన్న.

అందులో చిన్నాయిన ఒక పాట సగం, ఇంకో పాట పూర్తిగా పాడుతడు. ఎవరో డప్పును మళ్లీ కాపమంటరు. చిన్నమ్మ “అన్నం సల్లారుతుంది, లేవుండ్రి” అంటది, ఎవరూ లేవరు. లారీ ఒకటి గేరు మారుస్తది. మైకు పక్కనే ఉంది కాబట్టి చెంబు పెద్దగా, గంట లెక్క మోగుతది. మోగి, మోగి, ఒక్కసారిగా ఆగుతది.