తాత పడవతో వండిన అన్నం

మా ఇంటి ముందు ఒక అరుగు ఉండేది. సిమెంటుది కాదు, రాతిది కాదు, పడవ పలకలది. ఇటుకలు దొంతిగా పేర్చి, వాటి మీద ఐదు పలకలు పక్కపక్కన పరిచారు. ప్రతి పలక అంచు వెంబడీ వరసగా బెజ్జాలు. చిన్నప్పుడు మేం ఆ బెజ్జాల్లో చింతపిక్కలు దూర్చి ఆడుకునేవాళ్లం. నాన్న చూస్తే కోప్పడేవాడు. "అవి మీ తాత కుట్టిన కుట్లు" అనేవాడు. కుట్లేవీ లేవు, బెజ్జాలే ఉన్నాయి కదా అని మాకు నవ్వొచ్చేది.

ఆ పలకలు ఇప్పుడు లేవు. 2019 మే నెలలో అమ్మ వాటిని పొయ్యిలో పెట్టింది. ఆ సంగతి రాద్దామని చాలాసార్లు కూర్చున్నాను, రాయలేక లేచిపోయాను.

మాది పూరీ. స్నానాలు చేసే ఒడ్డు నుంచి, హోటళ్ల వరస దాటుకుంటూ తూర్పుకి నడిస్తే పెంఠకటా వస్తుంది. మావాళ్ల నోట అది పెంటకోట. మీలో పూరీ వచ్చినవాళ్లు కొందరు ఆ వాసనకి ముక్కు మూసుకుని సగం దారిలో వెనక్కి తిరిగే ఉంటారు, ఫర్వాలేదు. ఇంట్లో తెలుగు, వీధిలో తెలుగు, గంగమ్మకి మొక్కుకునేది తెలుగులో, బడికెళితే ఒడియా. కొసదేరిన తెల్లటోపీ పెట్టుకుని, యాత్రికుల చెయ్యి పట్టుకుని అలల్లో ముంచి లేపే మనుషుల్ని మీరు చూసే ఉంటారు. వాళ్లూ మావాళ్లే. ఊరంతా మమ్మల్ని నోలియాలు అంటారు, బెంగాలీ యాత్రికులు నులియా అంటారు. మాలో మేం వాడబలిజలం, జాలారులం. నోలియా అన్న మాటకి నేను కాలేజీ అయ్యేదాకా సిగ్గుపడ్డాను. స్నేహితురాళ్ల ఇళ్లకి వెళ్లే రోజున చేపల వాసన రాకూడదని రెండుసార్లు తలంటుకునేదాన్ని.

తాత శ్రీకాకుళం జిల్లా బారువ వైపు నుంచి వచ్చాడు. వచ్చాడంటే ఒకేసారి మూటాముల్లే కట్టుకుని రావడం కాదు. చేపలు పడే కాలానికి రావడం, ఇసకలో పాక వేసుకోవడం, కాలం అయ్యాక వెళ్లిపోవడం. అలా కొన్నేళ్లు తిరిగి, ఒక ఏడాది వెళ్లడం మానేశాడు. అసలు 1936 దాకా గంజాం కూడా మద్రాసు రాష్ట్రంలోదే, ఆ తర్వాత ఒడిశాలోకి వచ్చింది. సరిహద్దు ఎక్కడుందని తాతని అడిగితే నీళ్లలో ఎక్కడ చూపిస్తాడు పాపం.

తాత వేటకీ వెళ్లేవాడు, పడవలూ కట్టేవాడు. మావాళ్లు "పడవ కుట్టడం" అనేవారు. ఇప్పటి పిల్లలకి ఈ మాట చెబితే వింతగా చూస్తారు. ఆ పడవలో ఒక్క మేకు ఉండదు. లోపల అడ్డకర్రల చట్రం ఉండదు. పలకల అంచుల్లో బరమాతో బెజ్జాలు వేసి, రెండు పలకల్ని అంచుకి అంచు ఆనించి, సందు మీద ఎండుగడ్డి చుట్ట పరిచి, కొబ్బరితాడుతో బిగించి కుట్టేవారు. ఈ పనికి ఇద్దరు కావాలి. ఒకడు పడవ లోపల, ఒకడు బయట. లోపలివాడు తాడు కొసని బెజ్జంలోంచి తోస్తే బయటివాడు అందుకుని బిగలాగి, పక్క బెజ్జంలోంచి మళ్లీ లోపలికి పంపుతాడు.

ఎందుకింత కష్టం, మేకులు కొడితే పోయేది కదా అని నేను ఒకసారి నాన్నని అడిగాను. మా ఒడ్డున రేవు లేదు, అలలకి అడ్డుగోడ లేదు. ఇంటికొచ్చే పడవ విరిగే అల మీద ఎక్కి వచ్చి దబ్బున ఇసకని గుద్దుకోవాల్సిందే. మేకులు కొట్టిన పడవైతే ఆ దెబ్బకి పలక చీలిపోతుంది. కుట్టిన పడవ కాస్త ఒళ్లు వంచుతుంది. తాడు సాగుతుంది, పలక కదులుతుంది, మళ్లీ సర్దుకుంటుంది. మద్రాసు, గోపాలపూర్ లాంటి చోట్ల ఓడలు దూరంగా లంగరు వేసి ఆగిపోతే, సరుకునీ మనుషుల్నీ ఒడ్డుకి చేర్చింది ఇలాంటి పడవలే. దొరలు వాటిని మసూలా బోట్లు అన్నారు.

నీళ్లు మాత్రం ఎప్పుడూ ఊరుతూనే ఉండేవి. నాన్న ఏడేళ్లప్పుడు చేసిన మొదటి ఉద్యోగం అదే, పడవ అడుగున కూర్చుని రేకు డబ్బాతో నీళ్లు తోడడం. అలివి వల కొస ఒకటి ఒడ్డున మనుషుల చేతికిచ్చి, పడవ సముద్రంలో వంపు తిరిగి రెండో కొసతో ఒడ్డుకి వచ్చేదాకా తోడుతూనే ఉండాలి. "సెయ్యి ఆగితే తెడ్డుతో ఒకటిచ్చీవోడు మా అయ్య" అని నవ్వుతూ చెప్పేవాడు.

ఉప్పునీళ్లకి తాడు ఎక్కువకాలం నిలవదు. కాలం అయ్యాక కుట్లన్నీ కోసి, పలకలు విప్పి ఆరబెట్టి, కొత్త తాడుతో మళ్లీ కుట్టాలి. అంటే తాత అదే పడవని తన జీవితంలో ఎన్నిసార్లు కట్టాడో లెక్కేసుకోండి. ఒక బెజ్జం చెదిరిపోతే దాని పక్కన ఇంకోటి వేసేవాడు. మా అరుగు మీద కొన్నిచోట్ల బెజ్జాలు గుంపుగా ఉండేది అందుకే.

తర్వాత నైలాన్ వలలొచ్చాయి, ఇంజన్లొచ్చాయి, ఫైబర్ పడవలొచ్చాయి. తాత పడవ ఎప్పుడు ఆగిపోయిందని అడిగితే నాన్న తేదీ ఏదీ చెప్పలేదు. "ఆ ఏడు తాడు కొనలేదు, అంతే" అన్నాడు. విప్పిన పలకలు కొన్ని ఎవరికో అమ్మారు, ఒకటి తలుపయింది, ఐదు అరుగయ్యాయి. నాకు మూడేళ్లున్నప్పుడు తాత పోయాడు. ఆ అరుగు మీద కూర్చుని ఆయన బీడీ కాల్చడం నాకు గుర్తున్నట్టే ఉంటుంది గాని, అది నేను చూసిందో, విన్నదో తెలీదు.

మగవాళ్ల పడవల గురించే ఇంతసేపు రాశాను. మా ఇల్లు నడిచింది అమ్మ ఎండుచేపల మీద. నెత్తళ్లు, కవళ్లు, సావళ్లు. ఒడ్డున వేలంలో కొనడం, ఉప్పు పట్టించడం, ఇసకలో ఆరబెట్టడం, కాకుల్నీ కుక్కల్నీ కాచుకోవడం, గంపకెత్తుకుని బస్సెక్కి పల్లెలకి వెళ్లడం. కండక్టరు గంప చూసి మొహం చిట్లిస్తే అమ్మ ఒడియాలో ఏదో అనేది, బస్సంతా నవ్వేది. కొలిచేటప్పుడు మాత్రం తెలుగే. మొదటి కొలతకి ఒకటి అనదు, "లాభం" అంటుంది, తర్వాత రెండు, మూడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. 2015కి ముందు 47 రోజులే ఉండేది. ఆ రెండు నెలలూ మగవాళ్లు వలలు బాగుచేసుకుంటూ కూర్చుంటారు. అమ్మ చలికాలం నుంచీ బస్తాల్లో దాచిన ఎండుచేపలే ఇంటికి తిండి, అప్పుకి వడ్డీ.

ఫణి తుపాను 2019 మే 3 ఉదయం పూరీ దగ్గర తీరం దాటింది. నిషేధం రోజులు కాబట్టి పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. సుమారు 12 లక్షల మందిని సర్కారు ముందే ఖాళీ చేయించింది, మావాళ్లూ ముందురోజే వెళ్లిపోయారు. పోయేముందు అన్నయ్య అరుగు పలకలు ఊడదీసి ఇంట్లోకి లాగాడు. తాత మీద ప్రేమతో కాదు, గాలికి లేచి ఎవరి తలకో తగులుతాయని.

నేను భువనేశ్వర్‌లో ఉన్నాను. అక్కడా చెట్లు కూలి, కరెంటు, ఫోన్లు పోయాయి. అమ్మావాళ్లు బతికున్నారన్న కబురు రెండోరోజుకి ఎవరో మోసుకొచ్చారు. నాలుగోరోజు వెళ్లగలిగాను. ఇంటి రేకులు లేవు. ఎండుచేపల బస్తాలు తడిసి, పురుగు పట్టి, వీధి చివర పారబోసి ఉన్నాయి. ఒడ్డున పడవలు ఒకదాని మీద ఒకటి ఎక్కి, కొన్ని రెండు ముక్కలై, కొన్ని సరుగుడు తోపు దాకా కొట్టుకుపోయి ఉన్నాయి. అమ్మ వీధిలో మూడు రాళ్లు పెట్టి పెద్ద గిన్నెలో అన్నం వండుతోంది. రాళ్ల మధ్య సగం కాలిన పలక. బెజ్జాల్లోంచి మంట వస్తోంది.

ఏం మాట్లాడానో పూర్తిగా గుర్తు లేదు. తాత గుర్తుగా మనకి ఉన్నవి అవే కదా, మ్యూజియంలో పెట్టాల్సినవి, నన్నడక్కుండా ఎందుకు కాల్చావు అని అరిచాను. మ్యూజియం అన్న మాట ఆ రోజే నాకు తట్టింది, అంతకుముందు ఏళ్ల తరబడి ఆ పలకల మీద కూర్చుని ఫోన్ చూసుకున్నదాన్నే.

అమ్మ గరిట ఆపలేదు. "పచ్చి సెట్లు ఊరంతా పడున్నాయి, పచ్చి కర్ర మండుతాదేటే? గ్యాసు అయిపోనాది. ఈదిలో పిల్లలు మూడ్రోజుల్నించి అటుకులు తింటన్నారు. మీ తాత ఉంటే ఆయనే నరికీవోడు." కాసేపటికి మళ్లీ అంది, "ఆ పలకలు ఎప్పుడూ కూడు పెట్టడానికే కదే సేసినాడు."

నేను ఆ అన్నం తిన్నాను. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, అంతే. చాలా ఆకలిగా ఉంది.

ఆ వేసవి అన్నయ్యకి ఊపిరాడనంత పని దొరికింది. వాడు ఫైబర్ పడవలు బాగుచేస్తాడు. చీలిన చోట గీకి, గాజునార పరిచి, రెజిన్లో హార్డెనర్ కలిపి బ్రష్‌తో అద్దుతాడు. ఎండ ఎక్కువుంటే డబ్బాలోనే గట్టిపడిపోతుంది, ఆ డబ్బు గంగపాలు. ఒళ్లంతా గాజుపొడి దురద, రాత్రికి దగ్గు. పడవ ఉన్నవాడు ఎవడూ చేతిలో డబ్బున్నవాడు కాదు, సగం అరువే, ఆ అరువులో కొంత ఈనాటికీ రాలేదు. బాగుచెయ్యడానికి పనికిరాని ఫైబర్ ముక్కల్ని ఇసకలోనే వదిలేశారు. అవి కుళ్లవు. కాలిస్తే నల్లటి పొగ, గొంతు పట్టేస్తుంది, దాని మీద అన్నం వండుకోలేం. ఇన్నేళ్లయినా అల వెనక్కి వెళ్లినప్పుడు నీలం రంగు ముక్కలు బయటపడుతూనే ఉంటాయి.

పోయిన సంక్రాంతికి వెళ్లినప్పుడు మా వీధిలో ఒక ముసలాయన దగ్గరికి వెళ్లాను. వరసకి నాకు తాతే. మా తాతతో కలిసి పడవలు కుట్టినవాళ్లలో ఆయనొక్కడే మిగిలాడు. కుట్టు ఎలా వేసేవారో చూపించు తాతా అని రెండు చెక్కముక్కలకి బెజ్జాలు వేయించి, కొబ్బరితాడు పట్టుకెళ్లాను. ఆయన సంతోషంగానే కూర్చున్నాడు. ఎండుగడ్డి చుట్ట చేసి సందు మీద పెట్టాడు, తాడు కొస తడి చేసి బెజ్జంలోకి తోశాడు. తర్వాత చేతులు ఆగిపోయాయి.

"నాను కుర్రోణ్ని కదమ్మీ, సన్నగా ఉండీవోణ్ని, ఎప్పుడూ లోపలే కూకోబెట్టీవోరు. బయట మీ తాత. అటేపు ఏటి సేసీవోడో నానెప్పుడూ సూడలేదు. తాడు తిరిగొచ్చీది, అందుకునీవోణ్ని."

అన్నయ్య చెక్క అవతలి వైపు కూర్చున్నాడు. తాడు అందుకుని తోచినట్టు మెలిపెట్టి వెనక్కి పంపాడు. వదులుగా వచ్చింది. ముసలాయన తాడుని వేలితో నొక్కి చూసి తల అడ్డంగా ఊపాడు. విప్పి మళ్లీ వేశారు. మూడోసారి కూడా వదులే. అమ్మ చేటలో చేపలు ఏరుకుంటూ దూరం నుంచి చూస్తోంది.

"కాలు తన్నిపట్టి లాగరా" అన్నాడు ముసలాయన. "మీ తాత లాగితే లోపలున్న నాకు పడవంతా కిర్రుమని ఇనపడీది."