పది చుక్కల కత్తి

మా ఆవిడ దృష్టిలో నాకున్నది జబ్బు. నా దృష్టిలో హాబీ. లెక్క చెప్పమంటే మొత్తం నలభై మూడు మడతకత్తులు. బట్టల అలమరలో అట్టడుగు సొరుగులో ఉంటాయి. కొన్ని అట్టపెట్టెల్లో, మిగతావి ఫ్లానెల్ గుడ్డల్లో ముసుగుతన్ని పడుకుని ఉంటాయి. ఒక్కటి కూడా వంకాయ కోసి ఎరగదు. "కొయ్యని కత్తులెందుకండీ" అని తను అడగడం, "కట్టని పట్టుచీరలెందుకు" అని నేననడం, ఆ తర్వాత ఓ గంటసేపు ఇంట్లో టీవీ ఒక్కటే మాట్లాడటం మాకు అలవాటైపోయింది.

కత్తులనగానే సినిమాల్లో రౌడీ బటన్ నొక్కగానే టక్కున లేచే రాంపురీ ఊహించుకోకండి. నేను చెప్పేవి అరచేతిలో ఇమిడే పాతకాలపు జేబుకత్తులు. వీటికి తాళం గట్రా ఏమీ ఉండదు. పిడి వెనక ఓ ఉక్కు పట్టీ ఉంటుంది, దాని స్ప్రింగు ఒత్తిడే బ్లేడుని తెరిచినప్పుడూ మూసినప్పుడూ నిలబెడుతుంది. అమెరికాలో ఒకప్పుడు జేబుగుడ్డ ఎంతో ఇదీ అంతే. 1865లో లింకన్‌ని కాల్చిన రాత్రి ఆయన జేబుల్లో దొరికిన వస్తువుల్లో దంతపు పిడి ఉన్న చిన్న కత్తొకటి ఉంది. టామ్ సాయర్‌కి బైబిల్ పద్యాలు వల్లెవేసినందుకు వాళ్ల మేరీ బహుమతిగా ఇచ్చింది కూడా బార్లో కత్తే.

నాకీ పిచ్చి 2009లో అంటుకుంది. ఒహాయోలో మా వీధి చివర గరాజ్ సేల్‌లో ఓ ముసలాయన దగ్గర బొటనవేలంత కత్తి కొన్నాను, ఎనిమిది డాలర్లకి. ఇంటికొచ్చి దాని మీద గీతలూ అంకెలూ చూస్తే నాలో ప్రోగ్రామరు నిద్రలేచాడు. ఆ కథ చెప్పాల్సిందే.

కేస్ అని ఒక కంపెనీ. 1889లో మొదలైంది, ఫ్యాక్టరీ పెన్సిల్వేనియాలో బ్రాడ్‌ఫర్డ్ అనే చిన్న ఊళ్లో. సిగరెట్ లైటర్ల జిప్పో వాళ్లు 1993లో దీన్ని కొనేశారు. వీళ్ల కత్తి మీద 6254 అని ఉందనుకోండి, మొదటి 6 అంటే పిడి ఎముక, 2 అంటే రెండు బ్లేడులు, 54 అంటే ట్రాపర్ అనే ఆకారం. మొదటి అంకె 3 అయితే పసుపుపచ్చ ప్లాస్టిక్, 5 అయితే దుప్పికొమ్ము. చివర ఎస్ఎస్ ఉంటే స్టెయిన్‌లెస్, సీవీ ఉంటే తుప్పు పట్టే పాతరకం క్రోమ్ వెనేడియం ఉక్కు. ఇంత నీటైన నామకరణం మా ప్రాజెక్టులో వేరియబుల్స్‌కి కూడా లేదు.

అసలు తమాషా చుక్కల్లో ఉంది. 1970 నుంచి ముద్ర కింద చుక్కలు కొట్టడం మొదలెట్టారు. 1970కి పది చుక్కలు, 1971కి తొమ్మిది, అలా ఏడాదికొకటి పీకేస్తూ 1979కి ఒక్కటి. 1980లో ముద్ర మార్చి మళ్లీ పది. అవరోహణ క్రమంలో వెర్షన్ నంబర్లన్నమాట! ఆ పథకం మొదటి ఏడాది కాబట్టి 1970 నాటి పది చుక్కల కత్తులంటే సేకరించేవాళ్లు పడి చస్తారు. నేనూ చచ్చాను. పది చుక్కల 6254, వాడని సరుకు, మూడొందల డాలర్లు. ఇంట్లో నూట ఇరవై అని చెప్పాను.

ఈ సేకర్తలు భలే మనుషులు. కత్తి చేతికి రాగానే దీపం ముందు పెట్టి స్ప్రింగుకీ పక్కనున్న ఇత్తడి రేకుకీ మధ్య వెలుతురు దూరుతోందేమో చూస్తారు. దూరితే క్వాలిటీ లేనట్టే. బ్లేడు మూసేటప్పుడు సగంలో ఒకసారి ఆగాలని కొందరు, వెన్నలా జారిపోవాలని కొందరు. మూసుకునేటప్పుడు వచ్చే టక్కు శబ్దం వినడానికే తెరిచి మూసేవాళ్లున్నారు (నేను కాన్ఫరెన్స్ కాల్స్‌లో మ్యూట్ పెట్టి చేసేవాణ్ణి). స్టెయిన్‌లెస్ అంటే చిన్నచూపు. కార్బన్ ఉక్కు కావాలి, ఎందుకంటే అది వాడేకొద్దీ నీలం, బూడిద, నలుపు రంగులు తిరుగుతుంది. మళ్లీ వీళ్లలోనే సగంమంది ఆ రంగు పడకుండా నూనె రాసి దాచుకుంటారు. ఇందులో లాజిక్ అడక్కండి.

పిడుల్లో రాజు దుప్పికొమ్ము. అందులోనూ మన దేశపు సాంబర్ దుప్పిదే శ్రేష్ఠం, లోపల గుజ్జు తక్కువ, గట్టిదనం ఎక్కువ. 1990ల చివర్లో మన ప్రభుత్వం కొమ్ముల ఎగుమతి నిషేధించాక దాని రేటు కొండెక్కింది. ఫ్యాక్టరీలు మూతపడటం కూడా రేట్లు పెంచింది. న్యూయార్క్ రాష్ట్రంలో ఇంపీరియల్ ష్రేడ్ 2004లో, కమిల్లస్ 2007లో మూసేశారు. వాటి పేర్లు ఇంకొకరు కొనుక్కుని చైనాలో చేయించారు. పేరు అదే, బొమ్మ అదే, కానీ సేకర్తకి అక్కర్లేదు. మన ఉద్యోగాలు బెంగళూరుకి వచ్చినప్పుడు వీళ్లు ఏడ్చిన ఏడుపుకీ దీనికీ పెద్ద తేడా కనపడదు నాకు. నేనూ చైనాది కొనను. ఎందుకు కొననో నిజాయితీగా చెప్పలేను.

ఇంకొకటి, బ్లేడు లాగడానికి ఎంత బలం కావాలన్నది. దీనికి పదికి మార్కులు వేస్తారు. పెన్సిల్వేనియాలోనే టైటస్‌విల్‌లో 2006లో గ్రేట్ ఈస్టర్న్ కట్లరీ అని మొదలైంది. ఈ ఊళ్లోనే 1859లో డ్రేక్ చమురు బావి తవ్వాడు. వాళ్ల కత్తులు కొన్ని ఎనిమిది మార్కుల గట్టివి. గోరు గాడిలో బొటనగోరు పెట్టి లాగితే గోరు ఊడొస్తుందేమో అనిపిస్తుంది. సేకర్తలు దాన్ని మెచ్చుకుంటారు. గట్టి స్ప్రింగు అంటే గట్టి పనితనమని. నేనూ అదే అనుకునేవాణ్ణి, 2017 ఎండాకాలం దాకా.

ఆ ఏడు అమ్మా నాన్నా ఆర్నెల్లకి వచ్చారు. నాన్న ఒంగోలు దగ్గర పల్లెటూళ్లో వ్యవసాయం చేసిన మనిషి. నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ ఆయన దగ్గర ఎప్పుడూ ఒకే ఒక్క చాకు ఉండేది, సంతలో కొన్నది. పొగాకు కాడలూ దాంతోనే, జామకాయా దాంతోనే, నా పెన్సిలూ దాంతోనే. నూరి నూరి బ్లేడు సగమైతే ఇంకోటి కొనేవాడు. అంతే, సేకరణ లేదు, సొరుగు లేదు.

ఒకరోజు ఆఫీసు నుంచి వచ్చేసరికి వంటింట్లో నాన్న స్టూలు మీద కూర్చుని మావాడికి పచ్చి మామిడికాయ ముక్కలు కోసి ఉప్పూకారం అద్ది పెడుతున్నాడు. చేతిలో పది చుక్కల కత్తి. బ్లేడు పొడవునా నీళ్లు కారుతున్నాయి, అప్పటికే నీలంగా, నల్లగా మరక తిరిగింది. కార్బన్ ఉక్కుకి మామిడి పులుపు తగిలితే నిమిషాల పని.

నేను అరిచాను. ఎలా అరిచానంటే మావాడు చేతిలో ముక్క కింద పడేశాడు. "అదెంతో తెలుసా నీకు? మూడొందల డాలర్లు! అడక్కుండా నా వస్తువులు ఎందుకు ముట్టుకుంటావ్?" మూడొందలని విన్న మా ఆవిడ నావైపు చూసిన చూపు వేరే కథ. నాన్న మాత్రం కత్తిని లుంగీ అంచుకి తుడిచి, మడిచి, గట్టు మీద పెట్టి, "కత్తనుకున్నాన్రా" అన్నాడు.

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. అన్నానికి పిలిస్తే ఆకలి లేదన్నాడు.

మర్నాడు పొద్దున నా ల్యాప్‌టాప్ పక్కన పేపర్ టవల్‌లో చుట్టిన కత్తి. విప్పి చూస్తే లోపలి ఇత్తడి రేకులు బంగారంలా మెరుస్తున్నాయి. బ్లేడు మాత్రం కొస నుంచి మొదలు దాకా మసిబారిన బూడిదరంగు, దాని మీద అడ్డదిడ్డంగా పీచు గీతలు. అమ్మ చెప్పింది. తెల్లారగట్ట మూడింటికి లేచి, మరక పోగొడదామని చింతపండు పెట్టి తోమాడట. ఇత్తడి బిందెలన్నీ అలాగేగా తోమేది. చింతపండు ఇత్తడి మీది చిలుము వదిలిస్తుంది, కార్బన్ ఉక్కుని ఇంకా నల్లబరుస్తుంది. ఫ్యాక్టరీ మెరుగు నలభయ్యేడేళ్లు ఉండి ఒక్క రాత్రిలో పోయింది. సేకర్తల లెక్కలో మామిడికాయ చేసిన నష్టం కంటే చింతపండు చేసింది నాలుగింతలు. ఆయనకా సంగతి చెప్పలేదు. "బాగా వచ్చింది నాన్నా" అన్నాను. "పూర్తిగా పోలేదురా, ఇంకోసారి తోమితే పోద్ది" అన్నాడు. వద్దులే అన్నాను, కొంచెం గాభరాగానే :)

ఆ శనివారం సొరుగు మొత్తం తీసి మంచం మీద పరిచి, నీకు నచ్చింది తీసుకో అన్నాను. సారీ చెప్పడం చేతకాక చేసిన పని అది. ముందు టైటస్‌విల్‌ది ఇచ్చాను, నా సొరుగులో పనితనానికి అదే మొదటిది. గాడిలో గోరు పెట్టి లాగాడు, రాలేదు. రెండోసారి లాగాడు. డెబ్బై ఒక్కేళ్ల గోరు విరిగింది. "తెరుచుకోని కత్తి ఎవడు చేశాడ్రా" అని నవ్వాడు. ఎనిమిది మార్కులని నేను ఇన్నాళ్లూ మురిసిపోయిన సంగతి ఆయనకి ఎలా వివరించేది?

తర్వాత తేనెరంగు ఎముక పిడి ఉన్న చిన్న కేస్ చేతిలోకి తీసుకుని బాగుందన్నాడు. అక్కడ ఊరుకోవచ్చుగా. నాకు తెలిసింది చెప్పాలని దురద. వీళ్ల ఎముక బ్రెజిల్ జెబూ పశువుల ముంగాలిదని చెప్పాను. బ్రెజిల్‌లో ఎక్కువగా పెంచేది నెలోర్ జాతి అనీ, ఆ పేరు మన నెల్లూరు నుంచే వచ్చిందనీ, పంతొమ్మిదో శతాబ్దం నుంచీ మన ఒంగోలు గిత్తలు ఓడలెక్కి వెళ్లి అక్కడ కోట్లలో పెరిగాయనీ ఉత్సాహంగా చెప్పుకుపోయాను. మా తాత జోడు ఒంగోలు గిత్తల్ని పందాలకి తిప్పినవాడు. నాన్న కాసేపు ఆ పిడినే చూశాడు. "అయితే ఇది మన ఎద్దు కాలేనన్నమాట" అని మెల్లిగా కింద పెట్టి, వెళ్లి చేతులు కడుక్కొచ్చాడు.

చివరికి ఒపినెల్ నంబర్ 8 తీసుకున్నాడు. ఫ్రాన్సులో సవాయ్ కొండప్రాంతంలో 1890 నుంచీ చేస్తున్న కత్తి. చెక్క పిడి, ఎనిమిదిన్నర సెంటీమీటర్ల కార్బన్ బ్లేడు, పట్టు కోసం తిప్పే ఇనప రింగు. వెనక స్ప్రింగే లేదు, చంటిపిల్లాడైనా తెరుస్తాడు. నా సొరుగులో అన్నిటికన్నా చవకది. సేకర్తలు దాన్ని సేకరణలో లెక్కేసుకోరు. "మన కొడవలి పిడిలా ఉంది" అన్నాడు. వెళ్లేటప్పుడు చెకిన్ సూట్‌కేసులో నేనే సర్దాను. క్యాబిన్ సంచీలో వేసుకుంటాడేమోనని ఎయిర్‌పోర్టులో రెండుసార్లు జేబులు తడిమాను.

2022లో ఊరెళ్లాను. ఒపినెల్ గూట్లో ఉంది, పిడికి పురికొస కట్టి. వానాకాలానికి చెక్క ఉబ్బి బ్లేడు బిగుసుకుంటే కొబ్బరినూనె పోసి సరిచేశాడట. నూరి నూరి పావువంతు అరగ్గొట్టాడు. బ్లేడంతా నల్లగా ఉంది, ఎక్కడా మరకని విడిగా గుర్తుపట్టలేనంత నలుపు. మామిడికాయ కోస్తూ ఉన్నట్టుండి అడిగాడు.

"ఆ మూడొందల కత్తి ఏం చేశావు, అమ్మేశావా?"

"లేదు నాన్నా, ఉంది."

"నేను తోమాక ఎవరూ కొన్లేదా?"

అమ్మకానికి పెట్టలేదనీ, రోజూ జేబులోనే ఉంటోందనీ, దాంతోనే అట్టపెట్టెలు కోస్తున్నాననీ చెప్పొచ్చు. "ఎవరూ కొన్లేదు" అన్నాను. ఆయన నవ్వి, నాకో ముక్క ఇచ్చాడు.